తడి లేని పిప్పి

కోళ్ల షెడ్డు నుంచి

తమ్ముడికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావో లేదో ఈ ఉత్తరం పూర్తిగా చదివాక చెప్పు. ఎందుకంటే ఇందులో తిట్లున్నాయి.

ముందు మంచి మాటలు చెప్పేస్తా, తర్వాత మర్చిపోతాను. మీ ఫ్యాక్టరీలో రసం పిండాక మిగిలే నారింజ తొక్కలూ పిప్పీ గుంటలో పారబోస్తుంటే, వాటిని ఎండబెట్టి నాకు పంపరా, దంచి కోళ్ల మేతలో కలుపుతాను అన్నానా? అప్పుడు నవ్వని వాడు లేడు. పక్క షెడ్డాయన, అదే గుడ్ల కోళ్లు పెంచే ఆయన, "పెద్దమ్మ కోళ్లకు జ్యూసు పోస్తోంది, రేపు గ్లాసులూ స్ట్రాలూ కూడా కొంటుంది" అని బస్టాపులో చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు అదే మనిషి మా షెడ్డు గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీలుస్తున్నాడు. "ఇక్కడ కంపు ఎందుకు రావట్లేదు పెద్దమ్మా?" అంటాడు. రెట్ట గట్టిగా వస్తోంది, కింద పరిచిన పొట్టు పొడిగా ఉంటోంది, ఇంక కంపెక్కడిది? మావి మాంసం కోళ్లాయె, తిని కూర్చోవడం తప్ప వేరే పని ఎరగవు. అలాంటివి ఇప్పుడు రెక్కలు టపటపలాడిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. కోళ్ల డాక్టరమ్మ వచ్చి చూసి, "బాగుంది. కానీ నూరు పాళ్ల మేతలో ఐదు పాళ్లే కలపండి, అంతకు మించొద్దు" అని చెప్పి వెళ్లింది. చిన్నపిల్లే గానీ తలపొగరు లేదు.

ఇక తిట్లు. పోయినసారి నువ్వు పంపిన బస్తాలు విప్పితే ఏముందనుకున్నావు? లోపలంతా చెమట. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అడుగున నీలంగా బూజు. బూజు తిన్న కోడి బతకదని నీకు వేరే చెప్పాలా? మొత్తం ఎత్తుకెళ్లి గోతిలో పూడ్చాం, నేనూ కోడలూ. నా నడుము పట్టేసింది. వానలంటావు, ఎండ లేదంటావు. అవన్నీ నాకు చెప్పకు. ఈసారి బస్తాలో ఒక్క తడి చుక్క కనిపించిందా, ఆ బస్తా నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి, మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరకే వస్తా. నీ కింద పనిచేసే వాళ్లందరి ముందూ నీ మీద కుమ్మరిస్తా. తమ్ముడివని కూడా చూడను.

కోడలు రాయడం ఆపి నవ్వుతోంది. "అత్తయ్యా, ఇది నిజంగానే రాయమంటారా?" అంటోంది. రాయవే అన్నాను. మావాడు లారీ తోలుకుంటూ ఏ రోడ్డు మీద ఉంటాడో వాడికే తెలీదు. షెడ్లు రెండూ ఈ పిల్లే నెట్టుకొస్తోంది. ఈ ముక్క కూడా దాని చేతే రాయిస్తున్నాను కాబట్టి ఇంతకంటే పొగడను.

పొడి పిప్పి. గుర్తుంచుకో.

అక్క
(రాసింది: కోడలు)

*

జ్యూసు ఫ్యాక్టరీ, వెనక యార్డు నుంచి

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నేను చదువుకునే లోపే మా స్టోరు గుమాస్తా నా భుజం మీంచి చదివేశాడు. ఇప్పుడు యార్డులో ప్రతివాడూ నన్ను చూడ్డం, గేటు వంక చూడ్డం. బస్తా నెత్తిన పెట్టుకుని ఎవరైనా వస్తున్నారా అని.

నువ్వు వద్దన్నా చెబుతా అక్కా, ఇక్కడ ఎండ మొహం చూసి చాలా కాలమైంది. పండ్ల లోడ్లు మాత్రం ఆగవు. తొక్కలు కొండలా పేరుకుంటున్నాయి. మేనేజరు వచ్చినప్పుడల్లా "ఇది ఇంకా ఇక్కడే ఉందేం?" అంటాడు, నేనేదో మా ఇంట్లోంచి తెచ్చి పోసినట్టు. టార్పాలిన్ పట్టాలు కప్పడం, తీయడం, పారతో తిరగేయడం, మళ్లీ చినుకు పడితే మళ్లీ కప్పడం. నారింజ తొక్క మహా మొండిది. పైకి ఎండినట్టే కనపడుతుంది, లోపల మాత్రం నీళ్లు గట్టిగా పట్టుకుని వదలదు.

అయినా నీకు మాటిస్తున్నా. ఈసారి పొడిపొడిగా వస్తుంది. చేతిలోకి తీసుకుంటే గలగలలాడాలి, అంతే కదా? ఎలా ఎండిందని మాత్రం అడక్కు. పశువుల మేత కోసం ఇక్కడి నుంచి పిప్పి కొనుక్కెళ్లేవాళ్లు కొందరున్నారు, వాళ్లకు పంపే సరుకు ఎలా తయారుచేస్తారో చూశాను. దానికో పద్ధతుంది.

కోడలికి ఒక మాట. అమ్మాయ్, అక్కకు చదివి వినిపించేటప్పుడు ఇక్కడి నుంచి వదిలెయ్. ఆవిడ కోపం సంగతి నీకంటే నాకు ఎక్కువ కాలంగా తెలుసు. చిన్నప్పుడు నీళ్ల కుండ పగలగొట్టి, పొద్దుగూకేదాకా మంచం కింద దాక్కున్నాను. నాకు ఇప్పటికీ ఒక్కోసారి ఆ మంచం కావాలనిపిస్తుంది. ఆవిడ దగ్గర నీకు ఏ ఇబ్బందొచ్చినా మొహమాటపడకుండా నాకు రాయి. నేనున్నాను.

తమ్ముడు

*

కోళ్ల షెడ్డు నుంచి

తమ్ముడికి,

వదిలెయ్యమన్న ముక్క కూడా కోడలు చదివి వినిపించింది. ఆ మంచం ఇంకా ఉంది. కావాలంటే వచ్చి దూరు.

బస్తాలు వచ్చాయి. ఇదిరా పిప్పంటే! గుప్పెట్లో నలిపితే ఎండుటాకులా పొడైపోయింది. రంగు కాస్త పాలిపోయింది, మునుపటంత పుల్లటి వాసన కూడా లేదు, పోనీలే. వాసనతో నాకేం పని, నేనేమన్నా తలలో పెట్టుకుంటానా? ఎండ లేకుండా ఇంత బాగా ఎలా ఎండబెట్టావో నీకే తెలియాలి. నిన్ను తిడితేనే పని జరుగుతుందని నాకు మరోసారి రుజువైంది.

ఇంత మంచి సరుకు చేతికొచ్చాక ఐదు పాళ్లేంటి? పది పాళ్లు కలిపాను. డాక్టరమ్మ ఐదని చెప్పింది ఆ చెమ్మగిల్లిన పిప్పిని చూసి. ఇది చూసుంటే ఆవిడే పది అనేది. కోడలు మాత్రం "వద్దత్తయ్యా, ఒకమాట అడిగి కలుపుదాం" అని వెంటపడింది. ప్రతిదానికీ ఒకర్ని అడగడమే అయితే నా నెత్తి మీద ఈ తెల్లజుట్టు ఎందుకు? ఆ పూట నుంచి దానికీ నాకూ మాటలు తక్కువ.

ఇంకో సంగతి. దుకాణం నుంచి రావాల్సిన మేత రాలేదు, వానకు రోడ్డు కోసుకుపోయిందట. ఈ మహాతల్లి నాతో ఒక్క మాట చెప్పకుండా పక్క షెడ్డాయన దగ్గరకెళ్లి ఒక బస్తా బదులు తెచ్చి, రెండు షెడ్ల మేతలోనూ కలిపేసింది. బస్తా మీద చూస్తే ఇంత పెద్ద గుడ్ల బొమ్మ. ఇదేంటే, గుడ్ల కోళ్ల మేత తెచ్చి మాంసం కోళ్లకు పెడతావా అంటే, "బస్తాయే అది, లోపల ఉన్నది ఉత్త మొక్కజొన్న" అంటోంది. నాకు అక్షరాలు రావు గానీ బొమ్మలు కనపడతాయి.

(మామయ్యగారూ, ఇది అత్తయ్య చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. పది పాళ్లు వద్దని నేను గట్టిగానే చెప్పాను. ఆ బస్తాలో మొక్కజొన్నే ఉంది, నా చేతులతో పోశాను. పిప్పి ఎలా ఎండబెట్టారో మీరు ఒక్క ముక్క రాయండి. డాక్టరమ్మ వచ్చినప్పుడు అడుగుతారు.)

నేను నోరు మూసుకున్నా దీని కలం కదులుతూనే ఉంది. ఏం రాస్తున్నావే అంటే, చుక్కలు పెడుతున్నానంటోంది. ఇన్ని చుక్కలా!

అక్క
(రాసింది: కోడలు)

*

టైలరు దుకాణం నుంచి

గౌరవనీయులైన సోదరునికి,

పై మాట ఈ టైలరు సొంతంగా రాసుకున్నది. నేను తమ్ముడికి అనే చెప్పాను. ఉభయకుశలోపరి అని కూడా రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. కుశలం ఎక్కడేడ్చింది?

కోళ్లు పోయాయిరా. మొదట కాళ్లు ముడుచుకుని కూర్చున్నాయి, లేపితే లేచేవి కావు. నీళ్ల గిన్నెల చుట్టూనే పడి తాగుతూ, తెల్లగా నీళ్లలా రెట్ట వేస్తూ ఉండేవి. ఆ తర్వాత పొద్దున లేచి షెడ్డు తలుపు తీయబుద్ధయ్యేది కాదు. ఎన్ని అని అడక్కు. బతికినవి ఒక మూల సర్దుకుని ఉన్నాయి. అంత పెద్ద షెడ్డులో ఒక్క మూల.

డాక్టరమ్మ వచ్చి, చచ్చినదాన్ని ఒకదాన్ని కోసి నా కళ్ల ముందే చూపించింది. గుండె మీదా కాలేయం మీదా పిండి చల్లినట్టు తెల్లటి పూత. కిడ్నీలు ఉబ్బిపోయి ఉన్నాయి. బూజు కాదంది, అంటురోగం కాదంది. "మేతలో కాల్షియం బాగా ఎక్కువైంది పెద్దమ్మా. గుడ్డు పెంకు కట్టాలి కాబట్టి గుడ్ల కోళ్లకైతే అంత కావాలి. మాంసం కోళ్లకు ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతిని, బయటికి పోవాల్సిన మలినమంతా లోపల ఇలా పేరుకుంటుంది. గుడ్ల కోళ్ల మేత ఏమైనా కలిసిందా?" అని అడిగింది.

ఇంకేం కావాలి? ఆ గుడ్ల బొమ్మ బస్తా నా కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

నా వాదన విను. పిప్పి నేను నిన్నా మొన్నా మొదలుపెట్టిన మేత కాదు, దాని వల్ల ఒక్క కోడి చచ్చిన పాపాన పోలేదు. కొత్తగా వచ్చి కలిసింది ఆ బస్తా ఒక్కటే. తెచ్చిందెవరు? కలిపిందెవరు? ఇంట్లో పెద్దదాన్ని నేనొకదాన్ని ఉండగా చెప్పకుండా చేసిందెవరు? ఆ బస్తా ఏదే, తీసుకురా, డాక్టరమ్మకు చూపిద్దాం అంటే, చినిగిపోతే పొయ్యిలో అంటించేశాను అంది. అని ఏడ్చింది. నువ్వు ఏడిస్తే కోళ్లు లేస్తాయా అన్నాను.

పది పాళ్ల సంగతి డాక్టరమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వు కూడా ఎక్కడా ఎత్తకు.

నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. "నేను పంపిన పిప్పిలో ఏ దోషమూ లేదు" అని నీ చేత్తో రాసి, సంతకం పెట్టి పంపు. మావాడు నెలాఖరుకు లారీ దిగి ఇంటికొస్తున్నాడు. వాడి ముందు పెట్టాలి.

అక్క

(అయ్యా, నేను టైలర్ని. ఈ కింది మాటలు ఆవిడ చెప్పినవి కావు. ఆవిడ కోడల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టింది. పాపం ఆ అమ్మాయి ఒక్క చేతిసంచితో పుట్టింటికి చేరింది. కొడుక్కి మీ కాగితం చూపించి, ఆ అమ్మాయిని ఇక ఇంటి గడప తొక్కనివ్వనని ఆవిడ నా దుకాణంలో నలుగురి ముందూ అంది. మీరు రాసే దాని మీదే అంతా ఉంది. ఆలోచించి రాయండి.)

*

జ్యూసు ఫ్యాక్టరీ నుంచి

అక్కకు,

నీ ఉత్తరం అందింది. వెంటనే రాద్దామనుకున్నా. ఇక్కడ బాయిలరు పాడై నానా హైరానాగా ఉంది. దానికి తోడు నా మోకాలు నొప్పి మళ్లీ తిరగబెట్టింది, యార్డులో ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలంటే ప్రాణం పోతోంది. డాక్టరు ఏదో తైలం ఇచ్చాడు గానీ గుణం లేదు.

కాగితం అడిగావు. ఫ్యాక్టరీ సరుకు గురించి రాయాలంటే మేనేజరు సంతకం కూడా ఉండాలి. ఆయన ఇప్పుడు ఊళ్లో లేడు, ఎప్పుడొస్తాడో తెలీదు. ఎందుకక్కా ఈ కాగితాలూ సంతకాలూ? మనమేమన్నా పరాయివాళ్లమా? పిప్పి అయితే మంచిదే. పశువులకు పెడుతున్నారు, ఏమీ కాలేదు. నీ దగ్గర మిగిలింది ఉంటే మాత్రం కోళ్లకు పెట్టకు, పాతబడి ఉంటుంది.

పోయిన కోళ్లు ఎలాగూ తిరిగి రావు. ఎవరి వల్ల జరిగిందని ఇప్పుడు తవ్వుకుని లాభమేముంది? అమ్మాయి చిన్నది, చేసిందో చెయ్యలేదో, నువ్వే కడుపులో పెట్టుకోవాలి. కబురు చేసి పిలిపించు. నా మాటగా పిలిపించు. వాడు వచ్చేలోపే పిలిపిస్తే ఇంకా మంచిది.

చలి మొదలైంది, ఒళ్లు జాగ్రత్త.

తమ్ముడు

*

టైలరు దుకాణం నుంచి

ఒరేయ్,

నేనడిగింది కాగితం. నువ్వు పంపింది మోకాలు నొప్పి.

నీళ్లు నమలడం చిన్నప్పటి నుంచీ నీకు బాగానే అలవాటు. పిప్పి మంచిదే అంటావు, ఆ వెంటనే కోళ్లకు పెట్టకు అంటావు. మంచిదైతే ఎందుకు పెట్టకూడదు? ఆ ముక్క టైలరు చేత రెండోసారి చదివించుకున్నాను. అన్నట్టు, కోడలు ఇంట్లో లేదని నీకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదే! టైలరు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి ఎక్కడలేని అవస్థా పడుతున్నాడు.

ఇంటికెళ్లి నీ ఖాళీ బస్తాలు తీశాను. షెడ్డుకు జల్లు కొట్టకుండా కట్టిన పరదా చినిగింది, వీటిని ఉతికి కుట్టించి కడదామని. తిరగేసి దులిపితే అడుగు నుంచి తెల్లటి పొడి రాలింది. పిప్పి పొడేమో అనుకున్నా. తొట్టిలో నానేసి రెండు చేతులతో రుద్దుతున్నానా, వేళ్లు భగ్గుమన్నాయి. నా వేళ్ల పగుళ్లు నీకు తెలుసుగా. ఆ పగుళ్లలో కారం కూరినట్టయింది. ముందు చేతులు జారుడుగా ఉన్నాయి, తర్వాత తోలంతా బిగుసుకుపోయింది. నీళ్ల మీద చూస్తే తెల్లగా పొర కట్టింది. పెళ్లి కాకముందు ఎన్ని ఇళ్ల గోడలకు సున్నం కొట్టాన్రా నేను! బకెట్టు మోసింది నువ్వే కదా. చేతికి తగిలింది సున్నమో కాదో నాకు ఇంకొకరు చెప్పాలా?

అక్కడి నుంచి తిన్నగా పక్క షెడ్డాయన దగ్గరకెళ్లా. ఆ రోజు మా కోడలికి ఏమిచ్చావయ్యా అన్నాను. "మొక్కజొన్న పెద్దమ్మా. మేత బస్తాలు ఖాళీ అయితే వాటిలోనే అన్నీ పోసుకుంటాం. ఆ మాటే నీకు చెబుదామని వస్తే, నువ్వు గేటు దగ్గరే నా మీద విరుచుకుపడ్డావు" అన్నాడు. కొట్టుగదిలోకి తీసుకెళ్లి చూపించాడు. వరసగా గుడ్ల బొమ్మ బస్తాలు. ఒక్కొక్కదానిలో చెయ్యి పెట్టి చూశాను. మొక్కజొన్న. మొక్కజొన్న. ఒకదానిలో ఆయన పాత చెప్పులు.

డాక్టరమ్మ దగ్గరకు ఇంకా వెళ్లలేదు. ముందు నిన్ను అడుగుతున్నా. పిప్పిలో సున్నం కలిపావా, లేదా? ఈ దుకాణంలో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి, అందరూ చెవులు నా వైపే పెట్టారు. విననీ. కోడల్ని వెళ్లగొట్టినప్పుడు కూడా వీళ్లంతా విన్నారు.

ఒక్క మాట చాలు. మోకాలి గురించి రాయకు.

అక్క

*

ఇంటి నుంచి

అక్కా,

కలిపాను.

ఒక్క మాట చాలన్నావు. కానీ అక్కడితో ఆపితే మళ్లీ దాక్కున్నట్టే అవుతుంది.

పశువులకు పంపే పిప్పికి కొంచెం సున్నం కలిపి కాసేపు ఉంచుతారు. దాంతో తొక్క పట్టుకున్న నీళ్లు వదిలేస్తుంది. తర్వాత మిషన్లో వేసి నొక్కితే కారిపోతాయి. నీ నాలుగు బస్తాల కోసం నాకు మిషన్ ఎవరిస్తారు? చెక్క పలకల మధ్య పెట్టి, పైన నేనే నిలబడి నొక్కాను. నీళ్లు సరిగా దిగలేదు. ఇంకొంచెం సున్నం వేశాను. ఇంకొంచెం వేశాను. వాళ్లు కొలిచి వేస్తారు, నేను గుప్పెళ్లతో చల్లాను. పశువులకు పడింది కోళ్లకు పడదా అనుకున్నా. ఎవర్నీ అడగలేదు.

ఎందుకు కలిపానో కూడా రాస్తా. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది. "ఒక్క తడి చుక్క కనిపించిందా" అన్నావు. నాకు తల నెరిసింది, మనవలు పుట్టారు, నా కింద ఇంతమంది పనిచేస్తారు. అయినా నువ్వు అరుస్తావంటే ఇప్పటికీ మంచం కిందకే చూస్తాను. తడి పిప్పి పంపే ధైర్యం నాకు లేదు. పంపను పో అనే ధైర్యం అంతకంటే లేదు. నీ మీదకు నెడదామని రాయట్లేదక్కా. ఇది కాక ఇంకో కారణం ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

ఎలా ఎండబెట్టారో ఒక్క ముక్క రాయండని ఆ అమ్మాయి నన్ను అడిగింది. నీ ఉత్తరంలోనే, నువ్వు చెప్పే మాటల మధ్య రాసింది. అప్పుడే నేను రాసుంటే డాక్టరమ్మ ఆపించేది. నేనున్నానని ఆ పిల్లకు మాటిచ్చింది నేనే. ఆ పిల్ల గడప దాటిందని టైలరు ద్వారా తెలిశాక కూడా, నీకు తైలం గురించి రాశాను.

నెలాఖరుకు వస్తాను. నీ కొడుకు ముందు నా నోటితోనే చెబుతాను.

తమ్ముడు

*

కోళ్ల షెడ్డు నుంచి

తమ్ముడికి,

ఈ అక్షరాలు చూశావుగా. ఎవరివో పోల్చుకున్నావుగా. ఇంక ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

చెప్పాలంటోంది. దాటెయ్యొద్దంటోంది. సరే, రాయవే.

నీ ఉత్తరం తీసుకెళ్తే టైలరు తన దుకాణం తలుపు మూసి, ఎవర్నీ రానివ్వకుండా చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి బాగా దగ్గాడు. ఏమయ్యా, నీ పేరొచ్చిందా అన్నాను. తల దించుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. కోడలు ఆ రోజు పెట్టిన చుక్కలేంటో కూడా అప్పుడే తెలిసింది. నేను చెబుతున్నాననుకున్న ప్రతిసారీ నా మాటల పక్కన ఇంకొకరు నిజం రాస్తూనే ఉన్నారన్నమాట.

నిన్ను తిడదామని నోరు తెరిచాను. రాలేదు. నీ ఉత్తరం నిండా నా మాటలే ఉన్నాయి, ఇంక ఎవర్ని తిట్టను?

మర్నాడు బస్సెక్కి కోడలి పుట్టింటికి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నేనైనా అంతే చేసేదాన్ని. ఇది లోపల బట్టలు మడతపెడుతూ నా వంక చూడలేదు. బయట నుంచే చెప్పాను. "బస్తాలో మొక్కజొన్నే. పిప్పిలో సున్నం ఉంది. నా నోటికి జడిసి తమ్ముడు సున్నం కలిపాడు, నీ మాట వినక నేను పది పాళ్లు కలిపాను" అన్నాను. "ఇంకా?" అంది. ఇంకా ఏముందే అన్నాను. "నేనేడిస్తే కోళ్లు లేస్తాయా అన్నారు" అంది. అలాగే నిలబడ్డాను. తిరుగు బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

చివరికి వచ్చింది. నా కోసం కాదట. కొత్త కోడిపిల్లలు దిగే రోజు దగ్గరపడింది, వెచ్చదనానికి పెట్టే బల్బులు నాకు చూడ్డం రాదని వచ్చిందట. ఈ మాట ఇలాగే రాస్తానంది, రాసుకోమన్నాను. షరతులు కూడా పెట్టింది. మేత తనే కలుపుతుంది. మేత గదిలో అడుగు పెట్టాలంటే నేను తనని అడగాలి. డాక్టరమ్మకు పది పాళ్ల సంగతి నా నోటితో నేనే చెప్పాలి. వెళ్లి చెప్పాను. ఆవిడ అంతా విని, "సున్నానికి తోడు పది పాళ్లా పెద్దమ్మా!" అని తన కాగితంలో రాసుకుంది. నాలుగు తిట్టుంటే బాగుండేది.

మావాడు వచ్చాడు. అంతా విన్నాడు. షెడ్డులోకెళ్లి ఆ ఖాళీ చూసొచ్చి, బయట కూర్చుని పొద్దుపోయేదాకా లారీ టైర్లు కడిగాడు. కడిగినవే కడిగాడు. కోడలు నాతో ఎంతవరకు పనో అంతవరకే మాట్లాడుతుంది. అత్తయ్యా అనడం మానేసింది. ఏ మాటకు ముందైనా "ఇదిగో" అంటుంది. మునుపు నా తిట్లు రాస్తూ కలం ఆపి నవ్వేది, గుర్తుందా? ఇవాళ ఇంత ఉత్తరం రాసింది, ఒక్కసారీ ఆగలేదు.

నువ్వు నెలాఖరుకు వస్తానన్నావు. నెల మారిపోయింది. సెలవు దొరకలేదో, మంచం కింద దూరావో నాకు తెలీదు. రా. నేను అరవను అని చెప్పమంటావేమో, ఆ మాట ఇవ్వలేను, అరుస్తాను. అయినా రా. ఆ పిల్ల ముందు ఒకసారి నిలబడు. నేను నిలబడ్డాను, చావలేదు.

పిప్పి పంపడం మానకు. సున్నం వద్దు. ఏ మందూ మాయా వద్దు. తడిగానే పంపు. ఎండొస్తే మేమే షెడ్డు కప్పు మీద పరుస్తాం, రాకపోతే పొయ్యి పక్కన ఆరబెడతాం. బూజు పడితే పూడ్చేస్తాం. నడుము పట్టేస్తే పట్టేస్తుంది. ఎన్ని పాళ్లు కలపాలో, అసలు కలపాలో వద్దో, కోడలు చెబుతుంది.

"అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయింది అన్నాను. అయినా దాని కలం ఆగలేదు, ఇంకా ఏదో రాస్తోంది. ఏం రాస్తున్నావని నేను అడగలేదు.

అక్క

(మామయ్యగారూ, అత్తయ్య చేతులకు సున్నం పుళ్లు ఇంకా మానలేదు. రెండు చేతులకూ కట్లున్నాయి. ముద్ద నేనే కలిపి పెడుతున్నాను. మీకు రాయొద్దన్నారు. రండి.

రాసిందీ, ఇక మీదట మేత కలిపేదీ: కోడలు)